ఏడో పెట్టె

రౌతలహ్తి
8 సెప్టెంబరు 1947, సోమవారం

సైమీకి,

చేరాను. రైలు గంటంబావు ఆలస్యం. నువ్వు కట్టిచ్చిన బంగాళాదుంప రొట్టెల్లో రెండు మిగిలాయి, అవి రేపటికి. బస థియేటరుకి ఎదురుగా ఒక ముసలావిడ ఇంట్లో. ఆవిడకి స్వీడన్ నుంచి ఎవరో నిజమైన కాఫీ గింజలు పంపారట. పొద్దున్నే మర తిప్పుతుంటే ఆ చప్పుడుకి మెలకువ వచ్చింది. మన మర పాత ఊరు కల్లిసల్మిలో ఉండిపోయిందని నువ్వు ఇన్నేళ్ళుగా అంటున్న మాట గుర్తొచ్చింది. ఆవును వేళకి కట్టెయ్యి. పాకలో మూలనున్న పాల క్యాను మూత పట్టేసిందన్నావు కదా, దాంతో కుస్తీ పట్టకు, వచ్చాక నేను తీస్తాను.

మన పాత థియేటరు షాండ్లియర్, ఆ గాజు దీపాల గుత్తి, ఉన్న పన్నెండు పెట్టెలూ రాతి గిడ్డంగి నుంచి వచ్చేశాయి. సీళ్ళు చెక్కుచెదరలేదు. ఈ థియేటరు మనదాని కంటే కాస్త చిన్నది. నలభై నాలుగులో కప్పు మీద బాంబు పడి వీళ్ళ షాండ్లియర్ కింద కుర్చీల మీద కుప్పకూలిందట. ఊడ్చి తట్టలకెత్తితే పదకొండు తట్టల గాజు పెంకులు అయ్యాయని ఇక్కడి కరెంటు పనివాడు తౌనో చెప్పాడు. కప్పు తిరిగి కట్టుకున్నారు. వీళ్ళకి కప్పుంది, దీపం లేదు. మనకి దీపముంది, కప్పు లేదు. మనది ఇక్కడ వేలాడదీస్తున్నాం, శనివారం ప్రారంభోత్సవం.

తౌనో మంచివాడు, నోరు ఆగదు. "మీ కరేలియా వాళ్ళంటే వసపిట్టలని విన్నానయ్యా. నువ్వేంటి, పొద్దుట్నుంచి మూడు మాటలు కూడా ఆడలేదు? మీ ఊళ్ళో నీ వంతు మాటలు ఎవరికిచ్చేశావు?" అన్నాడు.

"మా ఆవిడ దగ్గరున్నాయి" అన్నాను.

"అయితే ఇల్లంతా గలగలేనన్నమాట!"

అవునన్నాను. అబద్ధం. ఒకప్పుడు నిజం. నా వంతు కూడా నువ్వే మాట్లాడేదానివి. నలభైలో మనం ఆ ఊరు విడిచాక నువ్వూ నాలాగే అయిపోయావు. ఎందుకో నాకు తెలుసు. తెలిసీ ఏడేళ్ళు ఊరుకున్నాను. ఇక ఊరుకునే వీలు లేదు. శనివారం వాల్‌స్టెన్ గారు వస్తున్నారు. మన పాత మేనేజరు, ముసలివాడయ్యాడు గాని జ్ఞాపకం గట్టిదట. నిన్ను కూడా పిలిచారు. నిన్ను చూడగానే ఆయన ఒక మాట అడుగుతాడు. అది ఆయన నోటి నుంచి నువ్వు వినకూడదు. అందుకే రాస్తున్నాను. పని పుస్తకంలో రోజుకి రెండు పంక్తులు రాసే చెయ్యి ఇది, ఇంత పొడుగు ఉత్తరానికి అలవాటు పడలేదు. అతుకులు కనిపిస్తే సర్దుకో.

నలభై మార్చి పదమూడు, బుధవారం. పదకొండు గంటలకి రేడియోలో సంధి సంగతి చెప్పారు. యుద్ధం ఆగింది, మన ఊరు సరిహద్దుకి అవతల పడింది. శుక్రవారం సాయంత్రానికి అంతా ఖాళీ చెయ్యాలి. ఆ మధ్యాహ్నం వాల్‌స్టెన్ గారు నన్ను గదిలోకి పిలిచాడు. గోడ మీది పటాలు దింపుతున్నాడు. థియేటరు వాళ్ళకి రెండు లారీలు దొరికాయి, గురువారం ఒకటి, శుక్రవారం ఒకటి. "గురువారం బండిలో దుస్తులు, తెరలు పోతాయి. శుక్రవారం బండిలో సగం నీది యాల్మరీ. ఇరవై రెండేళ్ళు చేశావు. నీ ఇంటి సామాను వేసుకో. సైమి మగ్గం మరిచిపోకు" అన్నాడు. పేరు పెట్టి మరీ చెప్పాడు. మరి షాండ్లియరో అన్నాను. "వదిలెయ్యి. గాజు కోసం ఎవరూ నడుం విరగ్గొట్టుకోవద్దు. గురువారం బండిలో చోటు మిగిలితే అందులో వేసుకో, లేకపోతే దాని ఖర్మ" అన్నాడు.

నీకు నేను చెప్పింది వేరు. ప్రభుత్వం ఆజ్ఞ అన్నాను. ముద్ర వేసిన కాగితం ఉందన్నాను. పెట్టెలు పోవాల్సిందే, మగ్గానికి చోటు లేదు, నా చేతుల్లో ఏమీ లేదన్నాను. ఆజ్ఞ లేదు, కాగితమూ లేదు. గిడ్డంగిలో అప్పగించేటప్పుడు ఫారం నేనే నింపి, నేనే సంతకం పెట్టాను.

అంతకంటే చెప్పుకోలేనిది ఇంకొకటుంది. గురువారం బండిలో చోటు మిగిలింది. పన్నెండు పెట్టెలకి సరిపడా మిగిలింది. బుధవారం సాయంత్రానికే షాండ్లియర్ గుత్తిని కిందికి దింపేశాం, అటక మీద గిలక నలుగురం తిప్పాం. ఆ రాత్రే విప్పి పెట్టెల్లో పెట్టేస్తే గురువారం పొద్దున అది వెళ్ళిపోయేది. శుక్రవారం నీ మగ్గం వెళ్ళేది. రెండూ దక్కేవి. కాని ఆ చలికాలమంతా బాంబుల దుమ్ము, పొయ్యిల మసి, గుత్తికి వేలాడే గాజు చుక్కలన్నీ నల్లగా ఉన్నాయి. మురికి గాజుని ఏనాడూ పెట్టెలో పెట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఆగస్టులోనూ దింపి, గోరువెచ్చని నీళ్ళూ వెనిగరూ వేసి కడిగి, తుడిచి, అప్పుడే ముట్టుకునేవాళ్ళం. చేతులు ఆ పద్ధతిలోనే కదిలాయి. గురువారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా కడిగాను. బండి గుమ్మం ముందు ఆగింది, హారన్ కొట్టింది, వెళ్ళిపోయింది. నేను అప్పటికి నాలుగో వరసలో ఉన్నాను. వెయ్యిన్ని తొమ్మిది వందల నలభై నాలుగు చుక్కలు. ఊరే పోతుంటే నేను గాజు తుడుస్తూ కూర్చున్నాను.

మీ నాన్న చేసిన మగ్గం అలా పోయింది. దూలాలకి నువ్వు ఏడవలేదని నాకు తెలుసు. దూలాలు ఏ వడ్రంగైనా చెక్కుతాడు. ఆయన సరస్సు ఒడ్డున రెల్లు కోసి, ఎండబెట్టి, ఒక్కొక్క పన్ను చీల్చి దువ్వెనలా కట్టిన పన్నె, పేక దారం నడిపేందుకు ఆయన చెక్కిన నాడెలు, అవి పోయాయి. నలభై అయిదులో ప్రభుత్వం మనకి ఈ పొలం ఇచ్చాక నేనొక మగ్గం చేసి పెట్టాను. నువ్వు దాని మీద చెయ్యి వేసి "బాగుంది" అన్నావు. ఒక్క పోగు ఎక్కించలేదు. ఇప్పుడు దాని మీద కోళ్ళు పడుకుంటున్నాయి. వాటిని నేనూ దింపలేదు. అది నాకు తగిన శిక్షే అనుకున్నాను.

ఒక్క సంగతి మాత్రం నాకు ఆసరా. శుక్రవారం పెట్టెలన్నీ బండికోసం మన వాకిట్లో దించి, మేకులు అయిపోతే ఇనప కొట్టుకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఏడో పెట్టెకి నువ్వే మూత బిగించేశావు. పనిముట్ల పెట్టెలో దొరికిన పాత మేకులతో కొట్టానన్నావు. నీ మగ్గం వదిలేస్తున్న పెట్టెలకి నువ్వే మేకులు కొట్టావు. ఆ రోజు పుస్తకంలో రాసుకున్నాను: "ఏడో పెట్టె, సైమి బిగించింది." ఇంత మనసు నాకు లేదనుకున్నాను.

శనివారం రావడమూ మానడమూ నీ ఇష్టం. వచ్చి నలుగురిలో నిలబెట్టి అడిగినా నేనేమీ అనను.

యాల్మరి

*

రౌతలహ్తి
11 సెప్టెంబరు, గురువారం

సైమీ,

నా మొదటి ఉత్తరం అంది ఉంటుంది. జవాబు కోసం ఆగకుండా ఇది రాస్తున్నాను.

మంగళవారం ఒకటి నుంచి నాలుగు పెట్టెలు, నిన్న అయిదూ ఆరూ తెరిచాం. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. అయిదో పెట్టెలో రెండు చుక్కల కొక్కేలు వంగాయి, అంతే. తౌనో ఒక చుక్కని వెలుగులో పట్టి చూసి, "ఏమయ్యా, వీటిని పెట్టెలో పెట్టేముందు కడిగినట్టున్నావే!" అన్నాడు. నవ్వుతాలుకే అన్నాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

ఇవాళ ఏడోది. దాని మేకులు వంకరగా ఉన్నాయి, తౌనో గునపం అందుకోబోతే వద్దని నేనే మెల్లిగా పీకాను. మూత ఎత్తాను. పైన నీ గళ్ళ దుప్పటి. ఇందులో ఉండాల్సిన మూడో వరస గాజుకి నేను ఎండుగడ్డి వేశాను, దుప్పటి వెయ్యలేదు. దుప్పటి తీశాను.

మీ నాన్న పన్నె. నాడెలు నాలుగు. పడుగు పోగులు ఎత్తే దారపు కళ్ళ కట్టలు, ముడి విప్పకుండా. అడుగున బరువుకి ఇస్త్రీపెట్టె, పక్కన కాఫీ మర. మరలో ఇంకా నాలుగు గింజలున్నాయి.

తౌనో తొంగి చూసి, "ఇదేం షాండ్లియరయ్యా? ఇది వెలుగుతుందా, బట్ట నేస్తుందా?" అన్నాడు. నేను పన్నెని దుప్పటి మీద పరిచి పళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టాను. "ఏమయ్యా, ఒంట్లో బాగుందా?" అని స్టూలు లాక్కొచ్చి వేశాడు.

గాజు గురించి తర్వాత. మూడో వరసలో నూట నలభై నాలుగు చుక్కలు. అవి లేకపోతే గుత్తి నడుం దగ్గర బోసిపోతుంది, శనివారానికి ఏదో ఒకటి చెప్పాలి, చెప్తాను. నాకు అంతుపట్టనిది వేరే. ఇవి ఏడేళ్ళుగా గిడ్డంగిలో ఉన్నాయని నీకు తెలుసు. తాళం చెవి చీటీ నా పెట్టెలోనే ఉంది. నేను మగ్గం చేసి నీ ముందు పెట్టిన రోజున ఒక్క మాట అంటే ఒక్క పూటలో వెళ్ళి తెచ్చేవాడిని. ఎందుకనలేదు? పొలం రాకముందు పరాయి ఇళ్ళల్లో అంట్లు తోమావు, చెయ్యి పుండైంది, అప్పుడైనా అనలేదు. నా మీద కోపంతో అనుకోడానికి లేదు, కోపమొచ్చినవాళ్ళు కాఫీ మర గురించి అంత సాదాగా నిట్టూర్చరు. నాకు తెలియక అడుగుతున్నాను.

పన్నె భద్రంగా ఉంది. ఒక్క పన్ను కూడా విరగలేదు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

యాల్మరి

*

ఇంటి నుంచి
గురువారం, 11వ తేదీ

యాల్మరీ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. పాలు పొయ్యి మీద పెట్టి చదివాను, పొంగిపోయాయి. ముందుగా ఒక మాట. ఏడో పెట్టెని ఎవరిముందూ తెరవకు. ఆ తౌనో ముందు అసలే తెరవకు. ఒంటరిగా తెరువు. ఈ పాటికే తెరిచి ఉంటే కూర్చుని మిగతాది చదువు.

ఆ శుక్రవారం నువ్వు మేకులకి వెళ్ళావు. నేను నేల కడుగుతున్నాను. అవును, ఇల్లు శత్రువుకి ఒప్పజెప్పి పోతూ మోకాళ్ళ మీద కూర్చుని నేల కడిగాను. వీధిలో ఆడవాళ్ళందరం అదే పని. అప్పుడు కూడా మన పక్కింట్లోనే ఉన్న ఆల్మ కిటికీలోంచి, "సైమీ, పొయ్యి మసి కూడా తుడిచావా? రేపొచ్చేవాళ్ళు మనల్ని మురికివాళ్ళని అనుకోకూడదు" అని అరిచింది. కాబట్టి గాజులు కడిగావని నిన్ను ఏమనమంటావు? నువ్వు గురువారం పోగొట్టావు, నేను శుక్రవారం. ఆ నేల కడిగే పొద్దులో మగ్గం విప్పి పన్నె తీసి మూటగట్టుకుని ఉంటే చంకలో పెట్టుకుపోయేదాన్ని. అది నేల ఆరాక గాని నాకు తోచలేదు. అప్పటికే బండెక్కే వేళ, మనిషికి ఒక్క మూటే అన్నారు, నా మూటలో రొట్టెలూ నీ ఉన్ని బట్టలూ ఉన్నాయి.

వాకిట్లో ఏడో పెట్టె మూత లేకుండా ఉంది. ఒక నిమిషం నిలబడ్డాను. తర్వాత ఆలోచించలేదు. చుక్కలన్నీ ఏప్రన్‌లోకి తీసి, నాలుగు విడతలుగా లోపలికి తెచ్చి, రొట్టెల పొయ్యి గూట్లో వరసగా పేర్చాను. పొయ్యి చల్లగా ఉంది, అప్పుడే కడిగాను కూడా. తలుపు వేశాను. పన్నె పెట్టెలో పెట్టి మేకులు కొట్టాను. నువ్వొచ్చి నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. మనసున్న మనిషిని చూసినట్టు చూశావు. అప్పుడే చెప్పేదాన్ని. కాని నువ్వు ప్రభుత్వం ఆజ్ఞ అన్నావు, ముద్ర అన్నావు. లెక్క ప్రకారం అప్పగిస్తానని సంతకం నీది. ప్రభుత్వం సొత్తు నేను తీసి పొయ్యిలో పెట్టానని తెలిస్తే జైలుకి పోయేది నువ్వు. అందుకని నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని, ఒక్క మాట దాచాలంటే అన్ని మాటలూ దాచాల్సి వచ్చింది. నువ్వు మగ్గం చేసిన రోజు నోటి చివరిదాకా వచ్చింది. పెట్టె తెరిపిస్తే లెక్క బయటపడుతుందని మింగాను.

ఆజ్ఞ లేదని ఇప్పుడు రాస్తున్నావు! ఆ రోజే "నాకు ఆ గాజు మీద ప్రాణం, అందుకే తీసుకుపోతున్నాను" అని ఉంటే నీకు చీపురుతో రెండు తగిలించి, పన్నెకి పెట్టెలో చోటు చెయ్యమని అడిగేదాన్ని. చేసేవాడివే. చేసేవాడివా కాదా? ఇద్దరం ఒక పూట పోట్లాడుకుని ఊరుకునేవాళ్ళం. ఏడేళ్ళు మిగిలేవి.

ఇంకొకటుంది. మధ్యలో మన ఊరు మళ్ళీ మన చేతికొచ్చినప్పుడు, నలభై రెండులో నేను అక్కడికి వెళ్ళింది మా అమ్మ సమాధి కోసం ఒక్కటే కాదు. ఇల్లు కాలిపోయింది, పొయ్యీ పొగగొట్టమూ నిలబడ్డాయని చెప్పాను కదా. పొయ్యి తలుపు తెరిచానని చెప్పలేదు. పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ముందు వరసవి పదమూడు సెగకి పగిలాయి. మిగతావి నూట ముప్ఫై ఒకటి. పాల క్యానులో నాచు వేసి సర్ది, మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చాను. టికెట్ కలెక్టరు పాలా అని అడిగాడు, పెరుగన్నాను. అప్పుడు నువ్వు యుద్ధం రోడ్ల పనిలో దూరాన ఉన్నావు, ఇంటికొచ్చిన నాటి నుంచి అవి నీకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. మన వైపు మగవాళ్ళు ఆవుపాకలో అడుగు పెట్టరు గనక బతికిపోయాను. ఆ క్యాను మూత పట్టెయ్యలేదు యాల్మరీ. అయిదేళ్ళుగా నీకు అదే చెప్తున్నాను. ఏటా మే నెలలో నువ్వు దుక్కికి వెళ్ళిన రోజు తీసి, వెనిగరు నీళ్ళతో కడిగి, మళ్ళీ పెడుతున్నాను.

శనివారం రమ్మంటావా, మానమంటావా? ఇప్పుడు నిర్ణయించాల్సింది నువ్వు.

సైమి

*

రౌతలహ్తి
12వ తేదీ, శుక్రవారం పొద్దున

సైమీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఈ చీటీ పొద్దుటి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, మధ్యాహ్నానికి నీకు చేరుస్తాడు.

చేసేవాడినే. పెట్టెలో చోటు చేసేవాడిని. అడిగావు కాబట్టి చెప్తున్నాను.

వాల్‌స్టెన్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను, నిన్న సాయంత్రమే దిగాడు. పన్నె చూపించాను. చాలాసేపు వేళ్ళతో దాని పళ్ళు మీటుతూ కూర్చున్నాడు. "మగ్గం మరిచిపోకని ఆ రోజు చెప్పానా లేదా?" అన్నాడు. చెప్పారన్నాను. "మరి ఆవిడ మరిచిపోలేదు. నువ్వే మరిచావు" అన్నాడు. అంతే. ప్రభుత్వం సంగతి అడిగితే నవ్వాడు. ఆ గుత్తి ఎవరి లెక్కలోనూ లేదట. నలభైలోనే పోయినట్టు రాసేశారట.

మూడో వరస ఇనప చట్రం కింద, చేతికందే ఎత్తులో వేలాడుతోంది, ఖాళీగా. మిగతావన్నీ తగిలించాం. నీ ఉత్తరంలో లెక్క చెప్పగానే, పదమూడు ఖాళీలు ఎక్కడ వదలాలని తౌనో అడిగాడు. వెనక గోడ వైపు తిప్పేద్దాం, ఎవరికీ కనపడదన్నాడు. వద్దన్నాను. అవి మన పొయ్యిలో ఎక్కడ పగిలాయో నీకు తెలుసు కాబట్టి ఎక్కడ వదలాలో నువ్వొచ్చి చెప్పు. నూట ముప్ఫై ఒకటీ నువ్వే తగిలించు. నిచ్చెన తౌనో పట్టుకుంటాడు. నీతో మాట్లాడాలని తెగ ఉబలాటపడుతున్నాడు.

సాయంత్రం అయిదింటి రైలెక్కు. క్యాను ఒళ్ళోనే పెట్టుకో, పైన అరలో పెట్టకు. ఆవుని ఆల్మకి ఒప్పజెప్పు. బయల్దేరే ముందు ఆ కోళ్ళని మగ్గం మీంచి దింపి తలుపు వెయ్యి. ఆదివారం పన్నె పట్టుకుని ఇద్దరం కలిసి ఇంటికి వెళ్దాం. కాఫీ మర ముసలావిడకి చూపించాను, నూనె వేసి తిప్పింది, బాగానే తిరుగుతోంది. నీకోసం గుప్పెడు గింజలు పక్కన పెట్టింది.

ఒక్కటి మాత్రం మరీ మరీ చెప్తున్నాను. ఆ చుక్కల్ని ఇప్పుడు కడుగుతూ కూర్చోకు, నేల కూడా వదిలెయ్యి. రైలు తప్పిపోతుంది.

నీ
యాల్మరి